పగడం రాయి కాదు: సముద్రం చేసే పనిని గాజు ట్యాంకు ఎలా నేర్చుకుంది?

మీ ఫీడ్‌లో ఎప్పుడో ఒకసారి ఇలాంటి వీడియో కనిపించే ఉంటుంది. గదిలో లైట్లన్నీ ఆర్పేసి ఉంటాయి. మధ్యలో ఒక గాజు ట్యాంకు, పైనుంచి నీలం వెలుగు. అందులో ఆకుపచ్చ, ఊదా, నారింజ రంగుల్లో పగడాలు మెరిసిపోతుంటాయి. వాటి మధ్యలో ఒక నీమో చేప. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే మాట: "బ్రో, ఎంతవుతుంది?"

ఎంతవుతుందో ఈ ఎపిసోడ్‌లో చెప్పను. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు ఆ పగడం గాజుపెట్టెలో ఎలా బతుకుతోంది? ఎందుకంటే 1970ల దాకా ఇళ్ళల్లో సముద్రపు చేపల్ని పెంచేవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళ ట్యాంకుల్లో కనిపించే పగడం చాలావరకు చచ్చి తెల్లబడ్డ అస్థిపంజరమే. అందం కోసం పెట్టేవాళ్ళు. బతికున్న పగడాన్ని తెచ్చి పెడితే కొన్ని వారాల్లోనో, నెలల్లోనో పోయేది.

సముద్రం పగడానికి నాలుగు పనులు చేసిపెడుతుంది. నీటిని కదుపుతుంది, వెలుగునిస్తుంది, మురికి తీసేస్తుంది, సున్నం అందిస్తుంది. అన్నీ ఫ్రీగా. ఈ నాలుగింటినీ ట్యాంకులో చెయ్యడం నేర్చుకోవడానికి మనుషులకి దాదాపు 140 ఏళ్ళు పట్టింది. ఇవాళ్టి కథ అదే. ఐదో పని కూడా ఒకటుంది. దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

రాయా, పువ్వా, జంతువా?

మన దగ్గర పగడం అనగానే గుర్తొచ్చేది ఉంగరం. నవరత్నాల్లో ఒకటి. ఈ ఎర్ర పగడానికి పేరుమోసిన చోటు మధ్యధరా సముద్రం. అక్కణ్ణుంచి ఓడలెక్కి దేశాలు తిరిగేది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో ఏ సరుకు మీద ఎంత సుంకమో రాసి ఉంటుంది. ముత్యాలు, కర్పూరం, పట్టునూలుతో పాటు ఆ లిస్టులో పగడాలు కూడా ఉన్నాయి. అంటే దాదాపు 780 ఏళ్ళ కిందటే మన రేవులో పగడానికి లెక్క ఉంది. కాకపోతే అది సరుకు లెక్క. దానికి ఒకప్పుడు ప్రాణం ఉండేదన్న ఆలోచన ఆ లెక్కలో లేదు.

యూరప్‌లోనూ అంతే. 1706లో మార్సిగ్లి అనే ఇటలీ పండితుడు అప్పుడే తీసిన ఎర్ర పగడపు కొమ్మని సముద్రపు నీళ్ళల్లో పెట్టి చూశాడు. దాని మీద చిన్న చిన్న తెల్లని పువ్వుల్లాంటివి విచ్చుకున్నాయి. ఇంకేముంది, పగడం మొక్కే అని తేల్చేశాడు. 1720ల్లో పేసోనెల్ అనే ఫ్రెంచి డాక్టరు అదే పని ఇంకొంచెం ఓపిగ్గా చేశాడు. ముట్టుకుంటే ఆ "పువ్వులు" ముడుచుకుంటున్నాయి. ఇవి పువ్వులు కావు, జంతువులు అన్నాడు. పారిస్‌లోని సైన్స్ అకాడమీ నమ్మలేదు. ఆయన మాటను అక్కడ వినిపించిన రియోమూర్, పాపం నవ్వులపాలవుతాడని పేసోనెల్ పేరు కూడా బయటపెట్టలేదు. ఆయన చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పగడపు కొమ్మ అంటే వేలాది చిన్న జీవుల కాలనీ. ఒక్కో జీవిని పాలిప్ అంటారు. ఒక నోరు, దాని చుట్టూ వేళ్ళలాంటి టెంటకిల్స్, లోపల సంచిలాంటి పొట్ట. అంతే. దిబ్బలు కట్టే పగడాల్లో ఈ పాలిప్ తన కింద సున్నంతో ఇల్లు కట్టుకుంటూ పోతుంది. మనం రాయి అనుకునేది ఆ ఇల్లు.

మొదటి పని: కదలిక

1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్ తీరంలోని టార్కీకి వెళ్ళింది. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో పెద్ద హోదాలో ఉన్న మతగురువు భార్య ఆవిడ. తీరంలో దొరికిన చిన్న పగడాలు నచ్చి ఇంటికి తీసుకెళ్దామనుకుంది. దారిలో కుదుపులకి దెబ్బతినకుండా వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, రాతిజాడీలో సముద్రపు నీళ్ళు పోసి, లండన్ దాకా మోసుకొచ్చింది.

లండన్‌లో సముద్రం లేదు. రోజూ కొత్త నీళ్ళు రావాలంటే కుదిరే పని కాదు. మరి ఉన్న నీళ్ళనే ఎలా వాడాలి? తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట పాటు పోయించింది. అచ్చం మనవాళ్ళు టీ తిరగపోసినట్టు! అలా చేస్తే గాలిలోని ఆక్సిజన్ నీళ్ళలో కలుస్తుంది. ఆ పని చేసింది మాత్రం ఆవిడ కాదు, ఇంట్లో పనిచేసే అమ్మాయి. చరిత్రలో ఆ అమ్మాయి పేరు మిగల్లేదు. పగడాల ట్యాంకుకి మొట్టమొదటి పంపు ఆ అమ్మాయి చేతులే.

తర్వాతి ఏడాది థిన్ ఆ నీళ్ళలో సముద్రపు నాచు కూడా వేసింది. నాచు ఆక్సిజన్ ఇస్తుంది, పగడాలు వాడుకుంటాయి. అలా ఆ పగడాల్ని దాదాపు మూడేళ్ళు బతికించింది. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ పాకింది. ఇంగ్లండ్ అంతా అదే పిచ్చి. జనం బుట్టలు, సుత్తులు పట్టుకుని తీరాల మీద పడ్డారు. గాస్ కొడుకు ఎడ్మండ్ తర్వాత రోజుల్లో దీని గురించి బాధపడుతూ రాశాడు: నాన్న పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళే ఆ రాతి మడుగుల్ని ఖాళీ చేసేశారని. ఈ హాబీ పుట్టినరోజే దాని అప్పు కూడా పుట్టింది. ఆ అప్పు దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇవాళ ట్యాంకులో వేవ్ మేకర్లు తిప్పుతున్నారంటే ఇదే కారణం. పాలిప్ నడవలేదు. ఆక్సిజన్, తిండి దాని దగ్గరికే రావాలి, మురికి దాని మీంచి కొట్టుకుపోవాలి. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరగడం చూశారుగా? కరెంటు పోతే రైతుకి ఎందుకు నిద్రపట్టదో, రీఫ్ ట్యాంకు ఉన్నవాళ్ళకీ అందుకే పట్టదు.

రెండో పని: వెలుగు

థిన్ పెంచినవి చల్లని నీటి పగడాలు. వాటికి ఎండతో పని లేదు. రంగురంగుల దిబ్బ పగడాల సంగతి వేరు. వాటి ఒంట్లో కంటికి కనిపించని ఏకకణ నాచు కాపురం ఉంటుంది. ఎండతో చక్కెరలు తయారుచేసుకుని, అందులో పెద్ద వాటా ఇంటి ఓనరుకి, అంటే పాలిప్‌కి, అద్దె కింద కడుతుంది. పాలిప్ వదిలే వ్యర్థాలే ఆ నాచుకి ఎరువు. ఇద్దరికీ లాభమే.

1881లో కార్ల్ బ్రాంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ నాచుకి జూజాంథెల్లా అని పేరుపెట్టాడు. 1928–29లో మారిస్ యంగ్ నాయకత్వంలో ఒక బృందం ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఏడాదికి పైగా ఉండి, పగడం ఎలా తింటుంది, ఎలా ఊపిరి తీసుకుంటుంది అని చూసింది. పలావ్ దీవుల్లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త కవగుతి, ఈ నాచు ఏ వర్గానికి చెందిందో 1944లో తేల్చాడు.

ఇంత తెలిసినా ఇళ్ళల్లో ట్యాంకుల మీద ఉన్నది మామూలు ట్యూబులైటే. దిబ్బ పగడానికి అది మబ్బు పట్టిన సాయంత్రం లాంటిది. నాచు అద్దె కట్టలేకపోయేది, పాలిప్ పస్తులతో పోయేది. స్టేడియాల్లో వాడే మెటల్ హాలైడ్ దీపాలని జర్మనీ హాబీయిస్టులు ట్యాంకుల మీద వేలాడదీశాకే పరిస్థితి మారింది. ఇప్పుడు ఆ పని ఎల్ఈడీలు చేస్తున్నాయి. అయితే కొత్తగా తెచ్చిన పగడాన్ని ఒక్కసారిగా ఫుల్ లైట్ కింద పెట్టకూడదు. నీడలోంచి మండుటెండలోకి తోసేసినట్టవుతుంది. కొన్ని వారాల పాటు మెల్లమెల్లగా పెంచాలి.

మూడో పని: శుభ్రం

1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో జకార్తాకి చెందిన లీ చిన్ ఎంగ్ రాసిన వ్యాసం వచ్చింది. ఆయన ట్యాంకులో పెద్ద ఫిల్టర్లేం లేవు. సముద్రపు నీళ్ళు, గాలి బుడగలు, దిబ్బల దగ్గర నుంచి తెచ్చిన రాళ్ళు. అంతే! అందులో పగడాలు బతికాయి. మిగతా దేశాల్లో ఖరీదైన ఫిల్టర్లు పెట్టినవాళ్ళ దగ్గర మాత్రం చచ్చిపోతున్నాయి.

కిటుకు ఆ రాళ్ళల్లో ఉంది. చేప వదిలే అమ్మోనియా విషం. కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. అప్పట్లో వాడే గులకరాళ్ళ ఫిల్టర్ల పని అక్కడితో ఆగిపోయేది. నైట్రేట్ పేరుకుపోయేది. చేపలు తట్టుకునేవి, పగడాలు తట్టుకోలేకపోయేవి. దిబ్బ రాయి బోలుబోలుగా ఉంటుంది. దాని లోలోపల ఆక్సిజన్ అందని చోట ఇంకో రకం బాక్టీరియా ఉంటుంది. అది నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి పంపేస్తుంది. హాబీయిస్టులు ఇప్పుడు లైవ్ రాక్ అనేది దీన్నే.

దీనికి తోడు ప్రొటీన్ స్కిమ్మర్ వచ్చింది. బెల్లం పాకం పట్టేటప్పుడు మురికంతా నురగతో పైకి తేలితే గరిటెతో తీసేస్తాం కదా? స్కిమ్మర్ చేసేదీ అదే. నీళ్ళలోకి సన్నని బుడగలు కొడుతుంది, కరిగి ఉన్న మురికి వాటికి అంటుకుని నురగై పైకొస్తుంది, దాన్ని కప్పులో పట్టి పారబోస్తాం.

నాలుగో పని: సున్నం

సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 410–420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పగడం దాన్ని తీసుకుని ఇల్లు కడుతుంది. సముద్రంలో అది అయిపోదు. ట్యాంకులో మాత్రం పగడం బాగా పెరిగేకొద్దీ కాల్షియం, దాంతోపాటు కార్బొనేట్లు తరిగిపోతాయి. సిమెంటు అయిపోయిన ఇల్లులా కట్టడం ఆగిపోతుంది.

దీనికి దారి చూపించింది పీటర్ విల్కెన్స్. 1970ల్లో ఆయన రాసిన పుస్తకం చెప్పిన మందు మనకి కొత్తదేం కాదు. సున్నపుతేట! మన స్కూలు ల్యాబుల్లో ఊదితే తెల్లబడేది, అదే. ట్యాంకులో రోజూ కొంత నీరు ఆవిరైపోతుంది కదా, దాని బదులు మంచినీళ్ళకి బదులు సున్నపుతేటని చుక్కచుక్కగా పొయ్యమన్నాడు. కాల్షియం తిరిగొస్తుంది, నీటి క్షారత నిలబడుతుంది. చుక్కచుక్కగా అన్నది ముఖ్యం. సున్నపుతేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఒక్కసారి గ్లాసుడు పోశారంటే ట్యాంకు మొత్తానికి ఎసరు.

లైవ్ రాక్, స్కిమ్మర్, గట్టి వెలుగు, సున్నపుతేట. ఈ నాలుగూ ఒకచోట చేరి బెర్లిన్ పద్ధతి అన్న పేరు తెచ్చుకున్నాయి. 1980ల్లో బెర్లిన్‌లో డీట్రిచ్ ష్టూబర్ ట్యాంకులో ఒక అక్రోపోరా పగడం ఎంత బాగా పెరిగిందంటే, ఆయన దాన్ని ముక్కలు విరిచి స్నేహితులకి పంచాడు. వాళ్ళు పెంచి ఇంకొందరికి ఇచ్చారు. గులాబీ కొమ్మ, మందారం కొమ్మ ఇచ్చిపుచ్చుకున్నట్టు ఒకే పగడం దేశాలు దాటింది. 1986లో జార్జ్ స్మిట్ అమెరికాలో రాసిన వ్యాసాలతో "మినీ రీఫ్" అన్న మాట అక్కడ మోగిపోయింది. పగడాన్ని ఇంట్లో బతికించడం అనుమానం లేకుండా సాధ్యమైంది.

మరి ఇప్పటికీ ఎందుకు చచ్చిపోతున్నాయి?

చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే. పగడానికి కావాల్సింది "బెస్ట్" నంబరు కంటే మారని నంబరు. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు, ఉప్పదనం వెయ్యికి 35 వంతులు, క్షారత 8 డీకేహెచ్ దగ్గర, కాల్షియం 420 దగ్గర. ఇవి దాదాపు అందరికీ తెలిసిన అంకెలే. ఇవాళ 7 ఉన్న క్షారతని రేపటికల్లా 10కి లేపేవాళ్ళ ట్యాంకులో పగడం పోతుంది. 7.5 దగ్గర ఆర్నెల్లు అలాగే ఉంచినవాళ్ళ ట్యాంకులో బతుకుతుంది. శుభ్రం కూడా అతి అయితే ముప్పే. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా సున్నా చేసేస్తే ఒంట్లో నాచుకి ఎరువు ఉండదు, పగడం పాలిపోతుంది. పెట్టిన వారానికే పగడాలు వేసెయ్యడం ఇంకో తప్పు. రాళ్ళల్లో బాక్టీరియా కుదురుకోవడానికి నెలలు పడుతుంది. సముద్రానికి తొందర లేదు, ట్యాంకుకీ ఉండకూడదు.

హాబీ చేసిన అప్పు

ఇప్పుడు ఆ అప్పు సంగతి. ఎన్ని ట్యాంకులు నిండాయో అన్ని దిబ్బల నుంచి రాళ్ళు, పగడాలు కదిలొచ్చాయి. 1990 నాటికి రాతిపగడాల జాతులన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందకి వచ్చాయి. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. మన దేశంలో 2001లో రాతిపగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న లిస్టు అది. అండమాన్ వెళ్ళినప్పుడు బీచ్‌లో పడున్న చచ్చిన పగడపు ముక్కని బ్యాగులో వేసుకున్నా కేసే. కాబట్టి షాపులో "లోకల్ పీస్, చీప్‌గా ఇస్తా" అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి. దిగుమతి పీసు అంటే పేపర్లు అడగండి.

వచ్చేదే కాదు, బయటికి పోయేదీ ప్రమాదమే. 1984లో మొనాకో తీరంలో, అక్వేరియం ఉన్న మ్యూజియం కిందే, కాలెర్పా అనే అక్వేరియం నాచు ఒక చిన్న మడిలా కనిపించింది. కొన్నేళ్ళలో మధ్యధరాలో వేల ఎకరాలకి పాకింది. ట్యాంకులోది ఏదీ కాలవలో, సముద్రంలో వదలకూడదు అనేది అందుకే.

ఐదో పని

మొదట్లో ఒకటి ఆపాను కదా. ఐదో పని వేడిని అదుపులో ఉంచడం. వేసవిలో ఉండే మామూలు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై, నాలుగైదు వారాలు అలాగే ఉంటే చాలు, పాలిప్ తన ఒంట్లోని నాచుని బయటికి తోసేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. హైదరాబాద్‌లో మే నెలలో రీఫ్ ట్యాంకు పెట్టినవాళ్ళు చిల్లర్ కొంటారు. సముద్రానికి చిల్లర్ లేదు. 1998 నుంచి ఇప్పటికి నాలుగుసార్లు ప్రపంచమంతటా పగడాలు బ్లీచ్ అయ్యాయి. మన లక్షద్వీప్ కూడా ఆ దెబ్బ తింది.

ఫ్లోరిడాలో కెన్ నెడిమయర్ అనే ఆయన అక్వేరియంల కోసం సముద్రంలో లైవ్ రాక్ సాగు చేసేవాడు. ఆ రాళ్ళ మీద వాటంతటవే కొమ్ముల పగడాలు మొలిచాయి. కూతురి స్టూడెంట్ ప్రాజెక్టు కోసం వాటిని ముక్కలు చేసి పెంచి, మళ్ళీ దిబ్బ మీద అతికించారు. అలా మొదలైన పని 2007లో ఒక సంస్థ అయింది. ష్టూబర్ స్నేహితులకి ముక్కలు పంచాడు, వీళ్ళు సముద్రానికి పంచారు. మనకి దగ్గర్లో, ఒకప్పుడు సున్నం కోసం పగడాల్ని తవ్వడంతో రెండు దీవులు మునిగిపోయిన మన్నార్ సింధుశాఖలో, తూత్తుకుడి పరిశోధకులు 2002 నుంచి ఇలాగే పగడపు ముక్కల్ని నాటుతున్నారు.

లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం ట్యాంకులో ఎండ, వెన్నెల, రుతువుల వేడి అన్నీ సముద్రంలో లాగే నడిపించి, పగడాలు అనుకున్న సమయానికి గుడ్లు పెట్టేలా చేసింది. అదే పద్ధతితో 2019లో ఫ్లోరిడా అక్వేరియంలో స్తంభపు పగడం గుడ్లు పెట్టింది. అన్నా థిన్ జాడీ దిగిన ఊళ్ళోనే ఈ పద్ధతి పుట్టింది.

2023 జూలైలో ఫ్లోరిడా సముద్రం కాగిపోయింది. ఒక లోతులేని అఖాతంలో కొలిచే పరికరం 38 డిగ్రీలు చూపించింది. సోంబ్రెరో రీఫ్ దగ్గర నాటిన పగడాలన్నీ పోయాయని ఆ సంస్థే ప్రకటించింది. అప్పుడు డైవర్లు సముద్రంలోకి దిగి, నర్సరీల్లో మిగిలిన వేల పగడాల్ని పైకి తీసి ఒడ్డు మీది ట్యాంకుల్లోకి మార్చారు. అంతకి 177 ఏళ్ళ ముందు ఒక ఆవిడ సరదా కోసం పగడాన్ని సముద్రంలోంచి ఇంటికి తెచ్చింది. ఇప్పుడు సముద్రంలో ఉంటే చచ్చిపోతుందని తెస్తున్నారు. ట్యాంకు ఐసీయూ అయింది.

ఐసీయూలో ఉన్న మనిషి ఎప్పటికైనా ఇంటికి వెళ్ళాలి. ఆ పగడాలు తిరిగి వెళ్ళడానికి సముద్రం చల్లగా ఉండాలి. ఆ ఒక్క పనీ ఏ హాబీయిస్టూ తన గదిలో కూర్చుని చెయ్యలేడు.

మీ ఊళ్ళో ఎవరైనా రీఫ్ ట్యాంకు పెట్టుంటే, వాళ్ళ పగడాలు ఎన్నేళ్ళుగా బతికున్నాయో కామెంట్స్‌లో చెప్పండి. ఎంతైందో కాదు, ఎన్నేళ్ళో! మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.